పాత సెయిల్‌బోటు: ఇంజన్ అలారం మోగుతోంది, కానీ ఏ దీపమూ వెలగట్లేదు

చుక్కాని86:

అందరికీ నమస్తే. మేముండేది అమెరికాలో, అన్నాపొలిస్‌లో, చెసపీక్ బే మీద. రెండేళ్ల క్రితం ఒక పాత సెయిల్‌బోటు కొన్నాను, 30 అడుగులది, 1986లో కట్టింది. ఇంజన్ యాన్మార్ 2జీఎమ్20ఎఫ్, రెండు సిలిండర్ల డీజిల్, 18 హార్స్‌పవర్. నేను సెయిలింగ్ నేర్చుకున్నది హుస్సేన్ సాగర్‌లో లేజర్ బోట్ల మీద. అక్కడ ఇంజన్ ఊసే లేదు, గాలి పడిపోతే ఎవరైనా తాడు విసిరి లాక్కెళ్లేదాకా కూర్చోవడమే. అందుకే డీజిల్ విషయంలో నన్ను ఎల్‌కేజీ పిల్లాడిననుకుని చెప్పండి, ఏమీ అనుకోను.

సంగతేంటంటే, పోయిన ఆదివారం థామస్ పాయింట్ లైట్‌హౌస్ దాకా వెళ్లి తిరిగొస్తున్నాం. ఆగస్టు మధ్యాహ్నం ఇక్కడ ఆకు కదలదు, అందుకని ఇంజన్ మీదే వస్తున్నాం, 2,600 ఆర్‌పీఎమ్ దగ్గర పెట్టి. అరగంట అయిందో లేదో అలారం అందుకుంది, చెవులు చిల్లులు పడేలా ఒకటే మోత. మా ఆవిడకి చుక్కాని ఇచ్చి కిందికి పరిగెత్తాను. పొగ లేదు, మాడు వాసన లేదు. వెనక్కొచ్చి తొంగి చూస్తే ఎగ్జాస్ట్‌లోంచి నీళ్లు ఎప్పట్లాగే పడుతున్నాయి. ప్యానెల్ చూద్దును కదా, ఒక్క దీపమూ వెలగడం లేదు. ఎండలో కనబడటం లేదేమోనని చేయి అడ్డం పెట్టి మరీ చూశాను. థ్రాటిల్ తగ్గిస్తే మోత ఆగింది, మళ్లీ పెంచితే రెండు నిమిషాలు ఊరుకుని మళ్లీ మొదలు. ఇక లాభం లేదని ఇంజన్ ఆపేసి లంగరు వేసి, సాయంత్రం గాలి లేచేదాకా గంటన్నర కూర్చున్నాం. తెచ్చుకున్న పులిహోర అంతా అప్పుడే అయిపోయింది.

మర్నాడు ఒకట్రెండు వీడియోలు చూసి ఇంపెల్లర్ (సముద్రపు నీళ్లని ఇంజన్‌లోకి తోసే పంపులోని రబ్బరు రెక్కల చక్రం) మార్చాను, పాతదానికి ఒక రెక్క ఊడిపోయి ఉంది. హమ్మయ్య ఇదే అనుకుని మళ్లీ తీసుకెళ్తే అదే కథ. ఆయిల్ మట్టం గీత దగ్గరే ఉంది. యార్డులో అడిగితే మూడు వారాల దాకా ఖాళీ లేదన్నారు.

రెండు ప్రశ్నలు. దీపం వెలగకుండా అలారం మోగితే అది దేని గురించి మోగుతున్నట్టు? రెండోది, మా పక్క స్లిప్పు (బోటు కట్టేసుకునే చోటు) పెద్దాయన "పాత బోట్ల అలారాలు ఊరికే మోగుతుంటాయి, ఆ బజర్ వైరు పీకి పారెయ్" అంటున్నాడు. పీకొచ్చా?

*

ఇంజన్‌రూమ్_వైజాగ్:

పీకొద్దు తమ్ముడూ. ఆ పెద్దాయన ఇంజనైతే ఆయన ఇష్టం.

మాది విశాఖ, పదహారేళ్లుగా మర్చంట్ నేవీలో ఇంజన్ వైపు. మా ఇంజన్ మూడంతస్తుల మేడంత ఉంటుంది, నీది పెద్ద సూట్‌కేసంత. కానీ అలారం మోగినప్పుడు మొదటి ప్రశ్న రెండిటికీ ఒకటే: ఏ దీపం? ఆ జవాబు లేకుండా నువ్వు ఇంపెల్లర్ మార్చావు. తప్పేం కాదు, ఎలాగూ మార్చాల్సిందే, కానీ చీకట్లో రాయి వేశావు.

నీ ప్యానెల్‌లో ఆయిల్ ప్రెషర్‌కి ఒక దీపం, నీళ్ల వేడికి ఒకటి, చార్జింగ్‌కి ఒకటి ఉంటాయి. మొదటి రెండిటికీ కలిపి బజర్ ఒక్కటే. ఇంజన్ మీద రెండు స్విచ్‌లు ఉంటాయి, ఒక్కోదానికి ఒకటే వైరు. ఆయిల్ స్విచ్ ఒత్తిడి లేనప్పుడు లోపల కలిసి ఉంటుంది, అంటే ఆ వైరుని ఇంజన్ బాడీకి ఎర్త్ చేస్తుంది. అందుకే స్టార్ట్ చేయకముందు కీ తిప్పగానే బజర్ మోగుతుంది, స్టార్టయ్యి ఆయిల్ ఒత్తిడి ఎక్కగానే ఆగిపోతుంది. వేడి స్విచ్ దీనికి తలకిందులు, మామూలుగా విడిపోయి ఉండి, ఇంజన్ బాగా వేడెక్కితే కలుస్తుంది.

ఇప్పుడు రెండు పనులు చెయ్. ఇంజన్ ఆగి ఉండగా కీ ఆన్ చేసి, బజర్ సంగతి వదిలేసి దీపాలు చూడు. ఆయిల్ దీపం, చార్జ్ దీపం రెండూ వెలగాలి. తర్వాత వేడి స్విచ్ మీది వైరు ఊడదీసి ఇంజన్ మీద శుభ్రంగా ఉన్న ఏదైనా బోల్టుకి ఆనించు, అప్పుడు నీళ్ల దీపం వెలగాలి. ఈ రెండూ చేస్తే, దీపం లేకుండా మోగింది ఏదో నీకే తెలుస్తుంది. నేను చెప్పను, నువ్వే చూసి చెప్పు.

ఇంకో మాట. ఊడిన రెక్క ఎక్కడుంది? నువ్వు చెప్పలేదు. అది గాల్లో కలిసిపోదు, నీళ్లతో పాటు ముందుకెళ్లి హీట్ ఎక్స్‌ఛేంజర్ (సముద్రపు నీళ్లు ఇంజన్ కూలెంట్‌ని చల్లార్చే భాగం) మూతి దగ్గరో, దాని ముందు హోస్ వంపులోనో ఇరుక్కుంటుంది. అది చేతికి దొరికేదాకా ఇంపెల్లర్ పని అయిపోయినట్టు కాదు.

అలారం మోత భరించలేక నడుస్తున్న ఇంజన్ మీద కీ ఆఫ్ చేసేవాళ్లని కూడా చూశాను. ఇలాంటి పాత డీజిల్ కీ తీస్తే ఆగదు, స్టాప్ కేబుల్ లాగితేనే ఆగుతుంది. నడుస్తుండగా కీ తీస్తే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోవచ్చు, అది ఇంకో ఖర్చు.

*

బే_ఏరియా_తెరచాప:

నాదీ ఇదే ఇంజనండి, శాన్ ఫ్రాన్సిస్కో వైపు. మీరు చెప్పిన లక్షణాలు చదువుతుంటే నా పాత కథ గుర్తొచ్చింది. నెమ్మదిగా నడిపితే హాయిగా ఉండేది, 2,500 దాటితే వేడెక్కేది. నేను కూడా ఇంపెల్లర్, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లకి దారి తెరిచే వాల్వు), బెల్టు అన్నీ మార్చి, చివరికి ఎగ్జాస్ట్ మిక్సింగ్ ఎల్బో విప్పాను. అదేంటంటే ఇంజన్ వెనక పొగా సముద్రపు నీళ్లూ కలిసే ఇనుప వంపు. మసీ ఉప్పూ కలిసి లోపల గట్టిగా బొగ్గులా పేరుకుపోతుంది. బొటనవేలు దూరాల్సిన చోట నా చిటికెనవేలు దూరలేదు, పెన్సిల్ దూరింది. పొగ బయటికి పోలేక, నీళ్లు సరిగా కదల్లేక ఇంజన్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఈ ఇంజన్లలో కొన్నేళ్లకోసారి అది విప్పి చూసుకోవాల్సిందే, బాగా తినేసి ఉంటే కొత్తది వేసుకోవడమే.

అయితే విప్పేముందు ఇరవై డాలర్ల ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనండి. థర్మోస్టాట్ హౌసింగ్ మీద నల్ల టేపు ముక్క అంటించి దాని మీదికి గురిపెట్టండి, మెరిసే లోహం మీద నేరుగా కొడితే తప్పు అంకె చూపిస్తుంది. మీది ఎఫ్ మోడల్, అంటే లోపల తిరిగేది కూలెంట్, థర్మోస్టాట్ 71 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలెడుతుంది. అలారం మోగేటప్పుడు 75, 80 చూపిస్తే వేడి కాదు. 95 చూపిస్తే వేడే. ఎఫ్ లేని మోడల్‌లో ఉప్పునీళ్లే లోపల తిరుగుతాయి, ఉప్పు గట్టిపడకుండా వాటిని బాగా తక్కువ వేడిలో నడుపుతారు, వాటి స్విచ్ కూడా తక్కువకే కలుస్తుంది. ముందు ఓనర్ ఎవరో ఆ స్విచ్ తెచ్చి మీ ఇంజన్‌కి పెట్టి ఉంటే రోజూ మోగుతుంది! స్విచ్ మీద నంబర్ చూడండి.

*

పీతలకూర:

స్ట్రైనర్ (లోపలికొచ్చే సముద్రపు నీళ్లలో చెత్త పట్టే జల్లెడ) మూత తీసి చూశావా బ్రో. ఆగస్టులో చెసపీక్ అంటే జెల్లీఫిష్ జాతర. నాకు రెండుసార్లు స్ట్రైనర్ నిండా జిగురే.

*

గోదారోడు:

ఆయిల్ మట్టం గీత దగ్గరే ఉందన్నారు. ఎప్పుడూ అక్కడే ఉండేదా, లేక ఈ మధ్య పెరిగిందా? మా నాన్న కాకినాడలో చేపల బోట్ల ఇంజన్లు బాగు చేసేవాడు. డిప్‌స్టిక్ కళ్లతో చూసి పెట్టేస్తే తిట్టేవాడు, రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూడాలి అనేవాడు. డీజిల్ వాసనొచ్చి నీళ్లలా జారిపోతుంటే ఫ్యూయల్ లిఫ్ట్ పంపు లోపలి పొర చిరిగి డీజిల్ ఆయిల్లోకి దిగుతోందన్నమాట, మట్టం పెరుగుతుంది కానీ ఒత్తిడి పడిపోతుంది, అదీ వేడెక్కాకే. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయి. ఆ ఇంజన్‌కి కూడా లిఫ్ట్ పంపు పక్కనే బిగించి ఉంటుంది కాబట్టి చెబుతున్నా. ఇంకోటి, ఆ రోజు తెరచాప కూడా ఎత్తి ఉందా? బోటు ఒక పక్కకి బాగా ఒరిగి ఉంటే, ఆయిల్ తక్కువున్నప్పుడు పంపు గాలి పీల్చి కూడా మోగుతుంది.

*

చుక్కాని86:

అందరికీ థ్యాంక్స్. శనివారం పొద్దున్నే వెళ్లి వరసగా చేశాను.

స్ట్రైనర్‌లో నాచు కొంచెం, జెల్లీఫిష్ లేవు. తెరచాప ఎత్తలేదు, బోటు నిటారుగానే ఉంది. ఆయిల్ వేళ్లతో రుద్దాను, నల్లగా చిక్కగానే ఉంది, డీజిల్ వాసన లేదు. (ఇంటికొచ్చాక చేతులు మూడుసార్లు కడిగినా పోలేదు, మీ నాన్నగారు ఏ సబ్బు వాడేవారో చెప్పండి.)

ఊడిన రెక్క దొరికింది! హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి వెళ్లే హోస్ వంపులో అడ్డంగా ఇరుక్కుంది, పక్కన ఇంకో చిన్న ముక్క కూడా ఉంది, అది ఇంతకు ముందు ఓనర్ కాలం నాటిదేమో.

తర్వాత దీపాలు. ఇక్కడే నాకు చెమటలు పట్టాయి. కీ ఆన్ చేస్తే బజర్ మోగింది, చార్జ్ దీపం వెలిగింది, ఆయిల్ దీపం వెలగలేదు. రెండేళ్లుగా రోజూ కీ తిప్పుతున్నాను, మోగుతోంది కదా అని దీపాల వైపు ఒక్కసారీ చూడలేదు. వేడి స్విచ్ వైరు బోల్టుకి ఆనిస్తే నీళ్ల దీపం భేషుగ్గా వెలిగింది. అంటే నీళ్ల బల్బు బాగుంది, ఆయిల్ బల్బు పోయింది. ఆ రోజు దీపం లేకుండా మోగిందంటే అది వేడి గురించి కాదు, ఆయిల్ గురించి! అన్నా, మీరు నన్నే చూసి చెప్పమన్నది దీనికేనా?

ఇప్పుడు టెన్షన్ ఎక్కువైంది. వేడైతే నీళ్ల పనే కదా అనుకున్నాను, ఆయిల్ ఒత్తిడి పడిపోతోందంటే ఇంజన్ పని అయిపోయినట్టేనా?

*

ఇంజన్‌రూమ్_వైజాగ్:

దానికే. బాగా చూశావు.

కంగారు పడకు. నీకిప్పుడు తెలిసింది ఆయిల్ సర్క్యూట్ మోగించిందని మాత్రమే, ఒత్తిడి పడిపోయిందని కాదు. ఆ రెండూ వేరు. నిజం తెలియాలంటే ఆయిల్ స్విచ్ తీసేసి ఆ కన్నంలో మామూలు ముల్లు గేజ్ పెట్టి నడపాలి. జాగ్రత్త, ఆ కన్నం మర 1/8 బీఎస్‌పీటీ, అంటే బ్రిటిష్ కొలత మర. అమెరికాలో దొరికే గేజులు చాలావరకు ఎన్‌పీటీ (అమెరికన్ కొలత) మరతో వస్తాయి, మొదట రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి తర్వాత బిగిస్తే బ్లాక్ మరనే చెడగొడుతుంది. మధ్యలో అడాప్టర్ వేసుకో.

స్విచ్ తీశాక దాని వైరు కొసకి టేపు చుట్టి దేనికీ తగలకుండా కట్టేయ్. అప్పుడు కీ ఆన్ చేస్తే బజర్ నిశ్శబ్దంగా ఉండాలి. స్లిప్పులోనే తాళ్లు గట్టిగా కట్టి, గేరులో పెట్టి అరగంట నడుపు. కళ్లు గేజ్ మీద ఉంచు. ముల్లు పడిపోతే వెంటనే ఆపేయ్, అప్పుడు ఇంజన్ గురించి మాట్లాడుకుందాం. ముల్లు నిలబడి ఉండగా బజర్ మోగితే, స్విచ్ అక్కడ లేనే లేదు కదా, మరి మోగించింది ఎవరు?

*

చుక్కాని86:

వైరు! వైరే అన్నా!

గేజ్ పెట్టి నడిపాను. 2,600 దగ్గర 45 పీఎస్‌ఐ, ముల్లు మేకు కొట్టినట్టు కదల్లేదు. ఇరవై అయిదు నిమిషాలు ఏమీ లేదు, నాకే విసుగొచ్చి ఇంక ఆపేద్దామనుకుంటుంటే మోత మొదలైంది. గేజ్ చూస్తే అక్కడే ఉంది. నల్ల టేపు మీద వేడి 78. టార్చ్ పట్టుకుని బోర్లా పడుకుని వైర్ల కట్టని ఒక చెక్కపుల్లతో అక్కడక్కడా కదిపాను. ఎడమ పక్క ముందు ఇంజన్ మౌంటు (ఇంజన్‌ని బోటుకి పట్టి ఉంచే దిమ్మ) దగ్గర కదపగానే ఆగింది, వదిలితే మళ్లీ మోగింది.

ఆపి చూస్తే, కట్టని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్ ఎప్పుడో విరిగిపోయింది, వైర్లన్నీ మౌంటు ఇనుప అంచు మీద వాలి ఉన్నాయి. అందులో ఒక్క వైరుకి తొడుగు అరిగిపోయి వడ్లగింజంత మేర రాగి బయటపడి ఉంది, చిలుము పట్టి పచ్చగా. దాని కొస పట్టుకుని వెళ్తే సరిగ్గా ఆయిల్ స్విచ్ దగ్గర తేలింది. ఇనుము మీద కూడా అదే చోట రంగు లేచిపోయి మెరుస్తోంది. ఫోటో తీసి మా ఆవిడకి చూపిస్తే "దీనికా గంటన్నర ఎండలో కూర్చోబెట్టావు" అంది.

కానీ ఒకటి అర్థం కాలేదు. ఐడిల్‌లో ఎందుకు మోగదు, అరగంట ఎందుకు పడుతుంది?

*

బే_ఏరియా_తెరచాప:

సూపర్! నా ఎల్బో సిద్ధాంతం తుస్సుమంది కానీ పర్లేదు. ఎల్బో మాత్రం ఈ చలికాలం విప్పి చూడండి ప్లీజ్, 1986 బోటు అంటున్నారు.

*

ఇంజన్‌రూమ్_వైజాగ్:

గేరులో లోడ్ పడ్డప్పుడు ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఒక పక్కకి కొద్దిగా మెలి తిరుగుతుంది, ఐడిల్‌లో మళ్లీ సర్దుకుంటుంది. వైరు తగలడానికి ఆ కాస్త చాలు. ఇక అరగంట అంటే వేడి. ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి వైర్లు ఇంకాస్త కిందికి వాలతాయి.

టేపు చుట్టి వదిలేయకు. చిలుము పట్టిన రాగి లోపలికంటా నల్లబడి ఉంటుంది, మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి, తగరం పూత ఉన్న మెరైన్ వైరు ముక్క వేసి, జిగురున్న హీట్‌ష్రింక్ కనెక్టర్లతో క్రింప్ చెయ్ (నొక్కి బిగించు). ఇంట్లో గోడలకి వాడే సరుకు వద్దు. క్లిప్ కొత్తది వేసి కట్టని ఇనుముకి దూరంగా కట్టు. స్విచ్ తిరిగి పెట్టేటప్పుడు మర మీద తెల్ల టేపు దట్టంగా చుట్టకు, ఆ ఒంటి వైరు స్విచ్‌కి ఎర్త్ వచ్చేది దాని మర నుంచే. టేపు ఎక్కువై ఎర్త్ తెగితే ఇక ఎప్పటికీ మోగదు.

నాకు అసలు భయం అదే. మా ఓడల మీద ముఖ్యమైన అలారాలకి వైరు తెగినా అలారం వచ్చేలా కడతారు. నీ బోటులో వైరు ఎర్త్‌కి తగిలితే మోగుతుంది, తెగిపోతే చడీ చప్పుడూ ఉండదు. నీ వైరు అక్కడే ఇంకో ఏడాది అరిగి తెగి ఉంటే, కీ ఆన్ చేసినప్పుడు బజర్ రాకపోవడం ఒక్కటే నీకు గుర్తు. అది గమనించకపోతే ఆయిల్ లేకుండా నడిపేవాడివి. వేడి సర్క్యూట్‌కి ఆ గుర్తు కూడా లేదు, కీ ఆన్ చేసినా అది మోగదు కదా. అందుకే సీజన్ మొదట్లో ఆ వైరు ఒకసారి బోల్టుకి ఆనించి చూడు. స్విచ్ మీద అనుమానం ఉంటే విప్పి ఇంటికి తెచ్చి, గిన్నెలో నీళ్లు కాచి, కొస ముంచి, మల్టీమీటర్ పెట్టి చూడు, నీళ్లు మరిగే వేళకి కలవాలి. పాత గిన్నె తీసుకో, లేకపోతే ఇంట్లో ఇంకో అలారం మోగుతుంది.

*

చుక్కాని86:

హహ. గిన్నె సంగతి ఇప్పటికే అడిగాను, కొత్తది కొనిస్తే పాతది ఇస్తానంది.

వైరు మార్చాను, క్లిప్ వేశాను, టేపు లేకుండానే స్విచ్ బిగించాను, కారడం లేదు. ఆయిల్ బల్బు కూడా వచ్చింది. నిన్న లైట్‌హౌస్ దాటి ఇంకా కిందికి వెళ్లొచ్చాం, రెండు గంటలు ఇంజన్ మీదే, ఒక్క కూత లేదు. ఎల్బో బోల్టులు కదలడం లేదు, తుప్పు నూనె పోసి వదిలేశాను, వచ్చే వారం మళ్లీ పట్టు పడతాను.

పక్క స్లిప్పు పెద్దాయనకి అంతా వివరంగా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన బోటులోకి వెళ్లి కీ ఆన్ చేశాడు, నాకిక్కడికి ఏమీ వినబడలేదు. పైకొచ్చి "నా బజర్ వైరు ఎక్కడ పీకానో వెతకాలి, ఆ టార్చ్ ఓసారి ఇస్తావా" అన్నాడు.